ఎనిమిది తుమ్ముల మిరపకాయ

ఎర్రమట్టిపాడు మిరప మార్కెట్టుకి కొత్తవాడెవడొచ్చినా గేటు దగ్గరే తెలిసిపోతాడు. రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడంటే వాడిది ఈ ఊరు కాదన్నమాట. ఇక్కడి వాళ్లకి ఆ ఘాటు మామూలు గాలి కింద లెక్క. పక్క జిల్లాలకి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు, గాలిలో ఏదో తక్కువైనట్టుందని గొణుక్కునేది వీళ్లే.

అలాంటి చోట మిరపకాయ ఘాటు కొలవడానికి తాతల నాటినుంచీ ఒకటే పద్ధతి. వ్యాపారి టిక్కీలో మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. అడుగునున్న కాయ ఒకటి లాగి, పుటుక్కున విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని దగ్గుతాడు. దగ్గి ఒక ధర చెబుతాడు. రైతు ఇంకో కాయ విరిచి, వ్యాపారి కంటే గట్టిగా దగ్గి, కుదరదంటాడు. ఇద్దరూ నాలుగైదుసార్లు దగ్గుకున్నాక బేరం తెగుతుంది. ఇందులో తప్పేమైనా ఉందని మిరప ఘాటు నిర్ధారణ మండలి వెలిసేదాకా ఎవరికీ తట్టలేదు.

మండలికి డైరెక్టరుగా వచ్చిన డాక్టర్ పరాంకుశం గారు మొదటిరోజే రుమాలు అడ్డం పెట్టుకుని మార్కెట్టంతా కలియదిరిగారు. తిరిగి వచ్చి, ఆఫీసు సూపరింటెండెంటు హైమవతి గారిని పిలిచి ఒక ప్రశ్న వేశారు.

"ఈ దగ్గులకి ఆధారం ఏదమ్మా? రేపు పైనుంచి ఎవరైనా వచ్చి, ఫలానా టిక్కీ తాలూకు దగ్గు చూపించమంటే ఏం చూపిస్తాం?"

హైమవతి గారు సర్వీసులో చేరి ఇరవై రెండేళ్లయింది. ఆధారం లేని మాట ఆవిడ ఎన్నడూ రాయలేదు, అనలేదు. అందుకని ఆ ప్రశ్నని ముందు కాగితం మీద రాసుకున్నారు. ఆ సమయంలో గుమ్మం పక్కన టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ అటెండరు నాంచారయ్యకి ఈ ప్రశ్న వినపడింది కాని, అది తన ముక్కు మీదకి వస్తుందని అతను అనుకోలేదు.

ఆ తర్వాత పరాంకుశం గారు ఏదో చలిదేశంలో మూడురోజుల సదస్సుకి వెళ్లి, అక్కడ ఒక యంత్రాన్ని చూశారు. అది కాఫీ ఫిల్టరంత ఉంటుంది. అందులో చిటికెడు పొడి వేస్తే, గాలి ఒత్తిడితో ఆ పొడిని రేణువు రేణువుగా విడగొట్టి గదినిండా చిమ్ముతుంది. ఆ రేణువులు కంటికి ఆనవు, కిందికి దిగవు, అరగంటసేపు గాలిలోనే తేలుతూ కాలక్షేపం చేస్తాయి. ఇంత కొంచెం పదార్థం ఇంత చోటు ఆక్రమించడం చూసి ఆయన చలించిపోయారు. ప్రభుత్వ పాలనలో ఆయన ముప్పై ఏళ్లుగా నమ్ముకున్న సూత్రం అదే.

"భవిష్యత్తంతా ఈ గాలిలో తేలే ఏరోసాల్‌దేనండీ" అన్నారాయన, తిరిగొచ్చిన రోజు సిబ్బందిని కూర్చోబెట్టి. "ఘన పదార్థాల కాలం అయిపోయింది. మిరపకాయను మిరపకాయగా చూసినంతకాలం మనం దాని గురించి ఏమీ తెలుసుకోలేం."

నాలుగు నెలల్లో యంత్రం వచ్చింది. దాని మీద 'సూక్ష్మ పరిమాణ చూర్ణ ధూమీకరణ యంత్రం' అని పలక తగిలించారు. ఆ పేరు పలికేలోపు టీ చల్లారిపోతోందని సిబ్బంది దాన్ని ఊదుడు డబ్బా అన్నారు. దానికోసం ఒక గాజుగది కట్టారు. లోపలి గాలి ఒక్క పిసరు కూడా బయటికి పోదని పరాంకుశం గారు తన సంతకంతో ధ్రువీకరణ పత్రం రాసి, దానికి పటం కట్టించి గోడకి పెట్టించారు. ప్రారంభోత్సవంనాడు కొబ్బరికాయ కొట్టారు. దిష్టికి నిమ్మకాయ వేలాడదీశారు కాని, దాంతోపాటు కట్టాల్సిన మిరపకాయలకి ఇంకా గ్రేడు కాలేదని కట్టనివ్వలేదు.

మీట నొక్కారు. డబ్బా బుస్సుమంది. చిటికెడు కారం గదినిండా కనపడకుండా పరుచుకుంది. అందరూ అద్దానికి ముఖాలు ఆనించి చూశారు. చప్పట్లు కూడా కొట్టారు. చప్పట్లు ఆగాక హైమవతి గారు చేతిలో కలం పట్టుకుని అడిగారు.

"ఇప్పుడు ఘాటు ఎంతని రాయమంటారు సార్?"

పరాంకుశం గారు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగారు. ఎక్కడా అంకె కనపడలేదు. యంత్రంతోపాటు వచ్చిన పుస్తకం తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఈ యంత్రం పొడిని గాలిలో కలుపుతుంది. గాలిలో కలిసినదాన్ని కొలిచే యంత్రం వేరే ఉంది. అది రెండో దశ టెండరులో ఉంది. మొదటి దశ విజయవంతమైందని రుజువైతేనే రెండో దశ మొదలవుతుంది. మొదటి దశ విజయవంతమైందో లేదో తెలియాలంటే రెండో దశ యంత్రం కావాలి.

ఇంకొకరైతే అక్కడితో డీలా పడిపోయేవారు. పరాంకుశం గారు పడలేదు. "అంతవరకు ఒక తాత్కాలిక కొలమానం ఏర్పాటు చేసుకుందాం" అని, కళ్లజోడు సవరించుకుని సిబ్బంది వైపు చూశారు. గుమస్తాలందరికీ ఒక్కసారిగా ఉబ్బసం, సైనసు, రక్తపోటు గుర్తొచ్చాయి. నాంచారయ్యకి చప్పున ఏ రోగమూ గుర్తు రాలేదు. చేతిలో టీ పళ్లెం ఉండటంవల్ల అతని ధ్యాసంతా కప్పుల మీద ఉంది.

అతన్ని గాజుగదిలోకి పంపించి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. మిరప మార్కెట్లో ఇరవై ఎనిమిదేళ్లు తిరిగినా తుమ్మెరగని ముక్కు అతనిది. కాని మామూలు ఘాటుకీ, ఈ డబ్బా ఊదిన ఘాటుకీ పోలిక లేదు. అది ముక్కులో ఇంతవరకు ఎవరూ వెళ్లని సందులన్నీ వెతుక్కుంటూ వెళ్లింది. నాంచారయ్య వరసగా ఐదుసార్లు తుమ్మాడు.

"ఐదు" అన్నారు పరాంకుశం గారు, పులకించిపోయి. "అంకె వచ్చిందండీ."

ఆ సాయంత్రమే హైమవతి గారు ఉత్తర్వు తయారుచేశారు. 'పై విషయమై తెలియజేయునది ఏమనగా, ఆఫీసు సబార్డినేటు శ్రీ కె. నాంచారయ్య గారి నాసికను తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ప్రామాణిక కొలమానముగా పరిగణించవలెను. మూడు నిమిషముల వ్యవధిలో సదరు నాసిక వెలువరించు తుమ్ముల సంఖ్యయే సదరు సరుకు యొక్క గ్రేడు. గ్రేడు లేని సరుకు అమ్మకమునకు అర్హము కాదు.' ఒకటి నుంచి ఎనిమిది దాకా పట్టిక కూడా జతచేశారు. ఎనిమిది తుమ్ములు అత్యుత్తమం. సున్న అయితే అది మిరపకాయే కాదు. ఎనిమిది దాటితే అది తినే వస్తువు కాదు, దహన స్వభావం గల పదార్థం. జనావాసాలకి దూరంగా గుంత తీసి పాతిపెట్టాలి.

ఉత్తర్వు టైపు చేశాక హైమవతి గారికి ఒక చిక్కు ఎదురైంది. కొలమానం అంటే పరికరం. పరికరాల రిజిస్టరులో ఎక్కినది హాజరు పట్టీలో ఉండకూడదు. రెండింట్లోనూ ఉంటే అది తప్పుడు రికార్డు. ఆవిడ స్కేలు పెట్టి, ఎర్రసిరాతో హాజరు పట్టీలో నాంచారయ్య పేరు మీద గీత గీశారు. గీత వంకర పోకుండా చాలా జాగ్రత్తగా గీశారు. నాంచారయ్య ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"మరి రేపట్నించి సంతకం యాడ పెట్టేదమ్మా?" అని అడిగాడు.

"పరికరాలు సంతకం పెట్టవు నాంచారయ్యా" అన్నారావిడ. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. ఉన్న రూలు చెప్పారు, అంతే. పదహారో నెంబరు మంచినీళ్ల కూలరుది. అతనికి పదిహేడు వచ్చింది. రేకు బిళ్ల మీద రాయించి చొక్కా జేబుకి తగిలించారు.

పరికరానికి కొన్ని కట్టుబాట్లు కూడా ఉంటాయి. ఇంట్లో కారం తినకూడదు, పెరుగన్నమే తినాలి, లేకపోతే కొలత తేడా వస్తుంది. ఐదు కిలోమీటర్లు దాటి తరలించకూడదు, తరలిస్తే మళ్లీ సరిచూడాలి. మనవరాలి బారసాల పదకొండు కిలోమీటర్ల దూరంలో జరిగింది. సెలవు చీటీ రాసి పట్టుకెళితే, పరికరాలకి సెలవుండదు, మరమ్మతు మాత్రమే ఉంటుందన్నారు. పిల్లకి ఏం పేరు పెట్టారో నాంచారయ్యకి ఫోనులో తెలిసింది. అతను ఆ పేరు రెండుసార్లు పైకి అనుకుని వెళ్లి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. గాజుగదిలో కళ్లు చెమ్మగిల్లితే కారణం ఎవరూ అడగరు.

కొలత మొదలైన రోజే ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. పరాంకుశం గారు మేడమీది చల్లగదిలో కూర్చునే పర్యవేక్షించడానికి వీలుగా గాజుగదిలో మైకు పెట్టించి, ఆఫీసంతా, గేటు దాకా స్పీకర్లు బిగించారు. మొదటి సరుకుకి నాంచారయ్య ఒకే ఒక్క తుమ్ము తుమ్మాడు. అది స్పీకర్లన్నిట్లోనూ మోగింది. రాయబోతున్న హైమవతి గారు కలం కింద పెట్టేశారు. ఒంటి తుమ్ము. ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగారు. ఫైలు మీద సంతకం పెట్టబోతున్న గుమస్తా ఆగిపోయాడు. గేటు తీయబోతున్న కాపలావాడు గేటు వదిలేసి బెంచీ మీద కూర్చున్నాడు. బయల్దేరబోతున్న లారీ డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. అందరూ తేరుకుని మళ్లీ పని మొదలుపెట్టేసరికి రెండో సరుకు లోపలికి వెళ్లింది. దానికి మూడు.

రోజుకి అరవై సరుకులు. సగం బేసి సంఖ్యలే. మూడు రోజుల్లో మార్కెట్టులో అంగుళం పని కదిలితే ఒట్టు. మూఢనమ్మకం అని సిబ్బందిని మందలించి పరాంకుశం గారు ఆ సాయంత్రం కారెక్కబోతుండగా స్పీకర్లోంచి ఒక తుమ్ము వినపడింది. ఆయన కారు దిగి, వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లారు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. 'సిబ్బంది మనోభావాలను సానుభూతితో పరిశీలించిన మీదట, ఇకపై బేసి సంఖ్యలో తుమ్ములు చెల్లవని, బేసి సంఖ్య వచ్చినచో సరి సంఖ్య పూర్తి అగు వరకు మరియొక చిటికెడు చొప్పున ఊదుచుండవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది.'

అలా మూడు తుమ్మినవాడికి నాలుగోది వచ్చేదాకా చిటికెడు మీద చిటికెడు ఊదారు. వందలసార్లు ఊదారు. మూడు వారాలయ్యేసరికి నాంచారయ్య ముక్కు మొద్దుబారిపోయింది. ఇంటికి వెళితే మల్లెపూలకీ కిరసనాయిలుకీ తేడా తెలియడం లేదు. నాలుగో వారం సోమవారంనాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరవై సరుకులు ఊదారు. ఒక్క తుమ్ము రాలేదు.

పట్టిక ప్రకారం సున్న అంటే మిరపకాయ కాదు. మిరపకాయ కానిది కూరగాయ అవుతుంది. మిరప మార్కెట్లో కూరగాయలు ఉండటానికి వీల్లేదు. సోమవారం అరవై మంది రైతుల సరుకునీ గేటు బయటికి పంపించేశారు. చాలామంది తిట్టుకుంటూ బళ్లు ఎక్కించుకుని వెనక్కి పోయారు. బసవపూర్ణమ్మకి ఆ దారి కూడా లేదు. రెండెకరాల కౌలు ఆవిడది, కాయ ఆరబోసుకునే కల్లం కూడా అడిగి తెచ్చుకున్నదే, అది తిరిగి అప్పజెప్పేసి వచ్చింది. ఆవిడవి నలభై రెండు టిక్కీలు. రోడ్డుకి అవతలే కూరగాయల మార్కెట్టు ఉంటే అక్కడికి మోయించింది.

అక్కడి గుమస్తా టిక్కీ విప్పి చూసి, "ఇది మిరపకాయ తల్లీ. నాకు కళ్లున్నాయి" అన్నాడు.

"అదే నేను జెప్పేది. కాని కాగితంలో కూరగాయని రాసిచ్చారు."

"కాగితం నిజమే. కాని కాయ మిరపకాయ. ఏం చెయ్యను?"

ఇటు మిరపగా పనికిరాక, అటు కూరగా పనికిరాక, ఆ నలభై రెండు టిక్కీలు రెండు గేట్ల మధ్య రోడ్డు మార్జిన్లో నిలిచిపోయాయి. బసవపూర్ణమ్మ వాటి పక్కనే కూర్చుంది. చైత్రం ఎండ మాడ్చేస్తోంది, అయినా సాయంత్రమయ్యేసరికి పడమట మబ్బు కడుతోంది. ఎండిన మిరపకాయ మీద ఒక్క వాన పడితే చాలు, తెల్లారేసరికి బూజు పడుతుంది. ఏడాది కష్టం, ఆవిడ వేసిన ప్రతి నీటితడీ, కోసిన ప్రతి కాయా ఆ టిక్కీల్లోనే ఉన్నాయి.

రెండో రోజు ఆవిడ కొంగులో గుప్పెడు కాయలు వేసుకుని, మేడ మెట్లెక్కి, తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది. నాంచారయ్య కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు, పరికరం తనిఖీ కోసం పిలిపించారు.

"సారూ, ఇది కూరగాయంటున్నారు గదా. మీరే ఒకటి కొరికి చూడండి."

పరాంకుశం గారు ప్రయోగానికి వెనుకాడే మనిషి కాదు. కాయ తీసుకుని సగం కొరికారు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత ఆయన ముఖం కందగడ్డయింది. కళ్లవెంట, ముక్కువెంట ధారలు కారాయి. మూడు గ్లాసుల నీళ్లు తాగారు, టీ పళ్లెంలోని పంచదార గుప్పెడు నోట్లో పోసుకున్నారు. ఐదు నిమిషాలకి గొంతు పెగిలింది.

"నాకు మండింది. ఆ సంగతి నేను దాచను" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. "కాని నేను కొలమానాన్ని కాదమ్మా. నా నాలుక మీద మండలికి అధికారం లేదు. వ్యక్తిగతంగా ఇది మిరపకాయ. అధికారికంగా నేను ఇప్పుడు తిన్నది కూరగాయ."

"కూరగాయ తిని ఎవురన్నా ఏడుస్తారా సారూ?"

"ఉల్లిపాయ ఉంది కదమ్మా" అన్నారాయన, శాంతంగా. ఆవిడ మీద జాలిపడి పునఃపరీక్షకి దరఖాస్తు పెట్టుకోమన్నారు. మూడు ప్రతులు, ఒక నమూనా కాయ, రెండు రోజుల గడువు.

గురువారం మధ్యాహ్నం పరీక్ష. దానికి అరగంట ముందు, ఆఫీసు వెనక కుళాయి దగ్గర నాంచారయ్య మొహం కడుక్కుంటుంటే బసవపూర్ణమ్మ వచ్చి నిలబడింది. ఆకాశం అప్పటికే నల్లబడింది.

"అన్నా, నీకు తుమ్ములు రాటం లేదంటగా?"

"లేదమ్మా. ముక్కు చచ్చిపోయింది."

"పోనీ మనిషిగా చెప్పు. నా కాయకి ఘాటుందా, లేదా?"

"ఎందుకు లేదు తల్లీ. గదిలోకొస్తే కళ్లు కాలిపోతన్నయ్యి. అంత మంచి కాయ నేను ఈ మధ్య చూళ్లేదు."

"మరి ఆ మాటే రాయొచ్చుగా."

"నేను రాసేవాణ్ణి కాదమ్మా. నన్ను జూసి వాళ్లు రాస్తారు."

ఆవిడ దొంగ తుమ్ము తుమ్మమని అడగలేదు. అడిగి ఉంటే, అది నేరమమ్మా అని చెప్పి తప్పించుకునేవాడు. అడక్కుండా, కొంగు తలమీద కప్పుకుని టిక్కీల దగ్గరికి వెళ్లిపోయింది. నాంచారయ్యకి సిగ్గేసింది. హాజరు పట్టీలో గీత కొట్టిననాడు కూడా అతనికి అంత చిన్నతనం అనిపించలేదు.

గాజుగదిలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. అద్దానికి అవతల హైమవతి గారు రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, గడియారం చూసుకున్నారు. మేడమీద పరాంకుశం గారు స్పీకరు దగ్గర చెవి పెట్టారు. డబ్బా బుస్సుమంది.

ఒక నిమిషం గడిచింది. కళ్లు మండుతున్నాయి, ముక్కులో చలనం లేదు. అద్దానికి అవతల ఆఫీసు కిటికీలోంచి రోడ్డు కనపడుతోంది. బసవపూర్ణమ్మ ఒక్క టార్పాలిన్ పట్టాని నలభై రెండు టిక్కీల మీదకి లాగాలని చూస్తోంది. ఇటు లాగితే అటు చాలడం లేదు. నాంచారయ్య ఇటు తిరిగి గొంతు సవరించుకుని, "హాచ్" అన్నాడు.

అది చాలా నాసిరకం తుమ్ము. హైమవతి గారు తలెత్తారు. నాలుగు వారాలుగా ఈ ముక్కు తాలూకు ప్రతి తుమ్మునీ లెక్కపెట్టిన మనిషి ఆవిడ, అసలేదో నకిలీ ఏదో ఆవిడకి తెలియకుండా ఉండదు. అద్దంలోంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాంచారయ్య రేకు బిళ్ల మీద చెయ్యి పెట్టుకుని ఎదురు చూశాడు. ఆవిడ అతన్ని చూశారు, కిటికీ వైపు చూశారు, తల వంచి ఒక గీత గీశారు.

నాంచారయ్యకి ధైర్యం వచ్చింది. రెండు, మూడు, నాలుగు. వేస్తున్నకొద్దీ చెయ్యి తిరిగింది. ఐదు, ఆరు. ఏడోది దాదాపు నిజందానిలాగే ఉంది. ఎనిమిది. అత్యుత్తమం. ఇక్కడ ఆపేస్తే అయిపోయింది.

ఆపేశాడు కూడా. కాని అబద్ధం తుమ్మి తుమ్మి ముక్కుకి నిజం గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా చచ్చి పడున్న ముక్కులో ఎక్కడో గిలిగింత మొదలైంది. నాంచారయ్య రెండు వేళ్లతో ముక్కు నొక్కిపట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, మనసులో ఎరిగిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టాడు. తొమ్మిదో తుమ్ము అద్దాలు అదిరేలా వచ్చింది. దాని వెనకే పదోది వచ్చింది. అప్పటికి మూడు నిమిషాలు పూర్తయ్యాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పరాంకుశం గారు పరుగులాంటి నడకతో దిగివచ్చారు.

"పది. మండలి చరిత్రలో ఇంతవరకు లేదు" అన్నారు, ఆయాసపడుతూ. "పట్టిక చూడండి. ఎనిమిది దాటింది కనుక దహన పదార్థం. పోలీసులకి చెప్పి ఆ రోడ్డు ఖాళీ చేయించండి. గుంత తీయించాలి."

గాజుగదిలోంచి బయటికి వస్తూనే నాంచారయ్య ఆ మాటలు విన్నాడు. ఆ కాయని కూరగాయగా ఉంచినా ఎక్కడో ఒకచోట ఉండేది. తానే దాన్ని గుంతలోకి తోశాడు. కిటికీ రెక్క మీద మొదటి చినుకు పడింది.

"ఎనిమిదే సార్" అన్నారు హైమవతి గారు.

"నేను పది విన్నానమ్మా."

"చివరి రెండూ నావి సార్. నేను తుమ్మాను."

ఆ మాట అని ఆవిడ కలానికి మూత పెట్టేశారు. ఇరవై రెండేళ్లలో ఆధారం లేకుండా ఆవిడ అన్న మొదటి మాట అది. పరాంకుశం గారు ఆవిడ వైపు చూశారు, రిజిస్టరు వైపు చూశారు. రిజిస్టరులో ఎనిమిదే గీతలున్నాయి. కొలమానానివి కాని తుమ్ములు లెక్కలోకి రావు. ఆయన కాగితం అందుకుని, అత్యుత్తమం అని రాసి సంతకం పెట్టారు.

హమాలీలు పరిగెత్తారు. నాంచారయ్య కూడా పరిగెత్తాడు. పరికరాలు బరువులు మోయకూడదన్న రూలు ఎవరికీ గుర్తు రాలేదు. వాన ముదిరేలోపు ముప్పై ఎనిమిది టిక్కీలు షెడ్డు లోపలికి చేరాయి. మిగిలిన నాలుగూ తడిశాయి. బసవపూర్ణమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, నాంచారయ్యకీ హైమవతి గారికీ కలిపి ఒకటే దణ్ణం పెట్టింది. దణ్ణం ఎవరికో తేల్చుకోలేక ఇద్దరూ పక్కకి చూశారు.

పరాంకుశం గారు మాత్రం గాజుగది ముందునుంచి కదలలేదు. గోడమీద పటం కట్టిన ధ్రువీకరణ పత్రాన్ని తదేకంగా చదువుతున్నారు. లోపలి గాలి ఒక్క పిసరు కూడా బయటికి పోదు. కింద ఆయన సంతకమే ఉంది. అలాంటప్పుడు బయట కూర్చున్న మనిషికి తుమ్ము ఎలా వచ్చింది? గది కారుతోందనడానికి వీల్లేదు. మిగిలింది ఒకటే మార్గం.

"హైమవతి గారూ" అన్నారు, గొంతులో గౌరవం నింపుకుని. "లోపల కూర్చున్న ముక్కుకి చిటికెడు కావలసి వచ్చింది. మీకు ఏమీ లేకుండానే రెండు తుమ్ములు వచ్చాయి. ఇంతటి సూక్ష్మగ్రాహ్యత ఆ చలిదేశంలో కూడా నేను చూడలేదు. రెండో దశ మనకి టెండరు లేకుండానే దొరికింది."

తాను తుమ్మలేదని ఆవిడ అంటే ఎనిమిది మళ్లీ పదవుతుంది, షెడ్డులో ఉన్న టిక్కీలు గుంతలోకి వెళతాయి. ఆఫీసులో ఉత్తర్వులు తయారుచేయడం వచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే. అందుకని ఆ సాయంత్రం తన ఉత్తర్వు తానే టైపు చేసుకున్నారు. హాజరు పట్టీ తెరిచి, స్కేలు పెట్టి, తన పేరు మీద తానే గీత గీసుకున్నారు. ఈసారి గీత కాస్త వంకర పోయింది.

మర్నాడు పొద్దున్న గాజుగదిలో రెండో ముక్కాలిపీట వేశారు. హైమవతి గారు చీర కుచ్చిళ్లు సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఏ పీట తనదో ఉత్తర్వులో రాసుకోలేదు. నాంచారయ్య తను కూర్చున్న పీట మీదనుంచి లేచి, దాన్ని తువ్వాలుతో తుడిచి, డబ్బా ఎదురుగా ఉన్న రెండో పీట మీదకి మారాడు.

"ఇటు కూర్చోండమ్మా" అన్నాడు. "ఈ మూలైతే కాస్త తక్కువ తగుల్తది."